వాజ్ పెట్టాలా ఈజ్ పెట్టాలా: సైన్స్, టెక్నికల్ రాతలో ఏ టెన్స్ ఎక్కడ

ప్రయోగం అయిపోయింది, గ్రాఫులు గీయడం అయిపోయింది, ఇక కూర్చుని రాసెయ్యడమే అనుకున్నాక చాలామందికి చెయ్యి ఆగేది ఒక చిన్న చోట, ఇక్కడ వాజ్ పెట్టాలా ఈజ్ పెట్టాలా అని. గైడ్‌ని అడిగితే మెథడ్స్ మొత్తం పాస్ట్‌లో రాసెయ్ అంటారు, పక్క ల్యాబ్ సీనియర్‌ని అడిగితే మా ఫీల్డ్‌లో అన్నీ ప్రెజెంటే అంటాడు, ఏదైనా స్టైల్ గైడ్ తీస్తే సెక్షన్‌కో టెన్స్ చొప్పున ఒక టేబుల్ ఉంటుంది. ఆ టేబుల్ తప్పని అనట్లేదు, తొందరలో ఉన్నప్పుడు పనికొస్తుంది కూడా, కాకపోతే ఒకే సెక్షన్‌లో, ఒక్కోసారి ఒకే వాక్యంలో రెండు టెన్సులు రావాల్సిన చోటు వచ్చిందంటే ఆ టేబుల్ చేతులెత్తేస్తుంది, అలాంటి చోట్లు పేపర్‌లో బోలెడు ఉంటాయి.

అసలు చిక్కు ఎక్కడంటే, టెన్స్ అంటే ఎప్పుడు జరిగిందో చెప్పేది అని మనం బళ్ళో నేర్చుకున్నాం. సైన్స్ రాతలో అది సగమే. మిగతా సగం, ఈ మాట ఎంతమేరకు నిజమని మీరు పూచీ పడుతున్నారు అన్నది. తెలుగులోనే చూడండి: "మందు ఇచ్చిన ఎలుకల్లో బరువు తగ్గింది" అన్నారనుకోండి, మీ ల్యాబ్‌లో ఆ ఎలుకల్లో ఆ రోజుల్లో జరిగింది చెప్పారంతే, ఎవరూ కాదనలేరు. "ఈ మందు బరువు తగ్గిస్తుంది" అన్నారంటే ప్రపంచంలో ఎలుకలన్నింటికీ, వినేవాడు ఆవేశపరుడైతే మనుషులకి కూడా, మీరు పూచీ పడినట్టే. రెండింటికీ మధ్య తేడా ఒక క్రియ చివర అక్షరాలు, అంతే. రివ్యూయర్ పట్టుకునేది కూడా సరిగ్గా ఆ అక్షరాల్నే.

కాబట్టి వాక్యం రాసేముందు ఇది ఏ సెక్షన్ అని కాకుండా ఈ మాట ఎంతవరకు వర్తిస్తుంది అని అడిగితే చాలా వరకు జవాబు దానంతటదే వస్తుంది. ఇక ఒక్కో ఎంపిక చూద్దాం.

పాస్టా ప్రెజెంటా, అసలు గొడవ ఇక్కడే

మెథడ్స్‌తో మొదలెడదాం. మీరు చేసిన పని పాస్ట్: శాంపిల్స్ తీశాం, వేడి చేశాం, కొలిచాం, ఫలానా వెర్షన్ సాఫ్ట్‌వేర్ వాడాం. ఇందులో వాదన లేదు. కానీ అదే పేరాలో చెరువు గురించి రాస్తున్నారనుకోండి, నీళ్ళు సేకరించింది అప్పుడు, చెరువు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది కదా, అందుకని "ది లేక్ లైస్" అని ప్రెజెంట్, "వాటర్ వాజ్ సాంపుల్డ్" అని పాస్ట్. "ది లేక్ వాజ్ లొకేటెడ్" అని రాస్తే చదివేవాడికి ఆ చెరువు ఎండిపోయిందా, పూడ్చేశారా అని డౌట్ వస్తుంది. సెన్సర్ కూడా అంతే, దాని రేంజ్ ఇంత, రిజల్యూషన్ ఇంత అనేది ప్రెజెంట్, ఆ రోజు అది రికార్డ్ చేసిన రీడింగ్ పాస్ట్. మెథడ్స్ మొత్తం పాస్ట్ అన్న రూల్ గుడ్డిగా ఫాలో అయ్యేవాళ్ళు ఇక్కడే సెన్సర్ స్పెసిఫికేషన్‌ని కూడా గతంలోకి తోసేస్తారు, తప్పని చెప్పలేం గానీ చదవడానికి వింతగా ఉంటుంది.

రిజల్ట్స్‌లో ఇంకో రకం జంట వస్తుంది. మీ ఫిగర్, మీ టేబుల్ పేపర్‌లో ఇప్పుడు చదివేవాడి కళ్ళముందు ఉన్నాయి, అందుకని "ఫిగర్ 3 షోస్" ప్రెజెంట్. అందులో కనిపించే సంఘటన మాత్రం జరిగిపోయింది, అందుకని "టెంపరేచర్ రోజ్" పాస్ట్. రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కనే రావచ్చు, టెంపరేచర్ పెరిగిందని ఫిగర్ 3 చూపిస్తోంది అన్నట్టు, అది టెన్స్ కలగాపులగం కాదు. ఈక్వేషన్ల దగ్గర అయితే ఆలోచించే పనే లేదు, "వేర్ కే ఈజ్" అని ప్రెజెంటే, కే అనేది ఆ రోజు కాన్‌స్టెంట్, ఇవాళ కాదు అని ఎవరూ అనరు కదా. నిరూపణలు, అల్గారిథం ఎలా పనిచేస్తుందో వివరించడం, సిద్ధాంతం ఏం చెబుతుందో రాయడం, ఇవన్నీ ప్రెజెంటే.

గణాంకాల దగ్గర మాత్రం జాగ్రత్త. గ్రూప్ ఏలో స్కోర్ గ్రూప్ బీ కంటే ఎక్కువ ఉంది, పీ వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె) ఇంత, అని రాసేటప్పుడు "వాజ్ హయ్యర్" అనే రాయండి. ఎందుకంటే ఆ పీ వాల్యూ మీ శాంపిల్ నుంచి వచ్చింది, ఇంకో శాంపిల్ తీసుకుంటే ఇంకోటి వస్తుంది. డిస్కషన్‌లోకి వచ్చాక, దీన్నిబట్టి ఫలానాది ఫలానాదాన్ని ప్రభావితం చేస్తుందని అనిపిస్తోంది అని ప్రెజెంట్‌లోకి మారొచ్చు, అక్కడ కూడా "సజెస్ట్స్", "మే" లాంటివి అడ్డం పెట్టుకుంటే మంచిది. అంటే రిజల్ట్స్‌లో చూసింది, డిస్కషన్‌లో నమ్ముతున్నది. పాస్ట్ నుంచి ప్రెజెంట్‌కి దాటే ఆ గీత దగ్గరే మీరు సాక్ష్యం నుంచి తీర్పుకి వెళ్తున్నారు, ఆ గీత మీకు తెలిసే దాటండి, చెయ్యి అలవాటుకొద్దీ దాటొద్దు.

టైటిల్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ అన్నిటికంటే పెద్ద పూచీ అక్కడే ఉంటుంది. "ఎఫెక్ట్ ఆఫ్ ఎక్స్ ఆన్ వై" అంటే క్రియే లేదు, ఏమీ ఒప్పుకోలేదు. "ఎక్స్ రెడ్యూసెస్ వై" అంటే సార్వకాలిక సత్యం ప్రకటించేశారు, లోపలేమో ఒకే ఒక్క జాతి ఎలుకలు. బయాలజీలో ఇలాంటి టైటిల్స్ మామూలే, పెట్టకూడదని కాదు, డేటా అంత బలంగా ఉంటే పెట్టండి, లేకపోతే క్రియ లేని టైటిలే మేలు.

ఫీల్డ్ తేడా కూడా నిజమే, సీనియర్ చెప్పింది పూర్తిగా కొట్టిపారెయ్యక్కర్లేదు. మ్యాథ్స్, థియరీ, కంప్యూటర్ సైన్స్ పేపర్లలో ప్రెజెంట్ ఎక్కువ, "వీ ప్రపోజ్", "వీ ప్రూవ్", "అవర్ మెథడ్ అచీవ్స్" అని. క్లినికల్ ట్రయల్స్, సైకాలజీ, ఎకాలజీలో పాస్ట్ ఎక్కువ. దానికి కారణం ఆచారం ఒక్కటే కాదు, వస్తువే వేరు. నిరూపణ ఎప్పుడు చదివితే అప్పుడు మళ్ళీ జరుగుతుంది, ట్రయల్ ఒక్కసారే జరిగింది. మెషిన్ లెర్నింగ్ మధ్యలో ఇరుక్కుంది: మోడల్‌కి ఇన్ని లేయర్లు ఉన్నాయి అనేది ప్రెజెంట్, దాన్ని ఇన్ని ఎపాక్స్ (డేటా మొత్తం మీద ఇన్ని చుట్లు) ట్రెయిన్ చేశాం అనేది పాస్ట్, ఇక ఆక్యురసీ "అచీవ్స్" అనాలా "అచీవ్డ్" అనాలా? చాలామంది అచీవ్స్ అంటారు. నా ఓటు మాత్రం అచీవ్డ్‌కే, ఎందుకంటే రాండమ్ సీడ్, అంటే ట్రెయినింగ్‌లో యాదృచ్ఛికంగా జరిగేవాటిని నిర్ణయించే మొదటి అంకె, మారిస్తే నంబర్ మారేదానికి సార్వకాలిక టెన్స్ ఎందుకు. కానీ మీ కాన్ఫరెన్స్‌లో అందరూ అచీవ్స్ రాస్తుంటే దానికోసం కో ఆథర్లతో కొట్లాడొద్దు.

వేరేవాళ్ళ పని గురించి రాసేటప్పుడు

ఇక్కడ మూడు దారులున్నాయి. ఫలానావాళ్ళు చూపించారు అని పాస్ట్, చూపిస్తున్నారు అన్న అర్థంలో ప్రెజెంట్, ఇప్పటిదాకా చూపించారు అని ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్ అయితే లిటరేచర్ రివ్యూకి పాస్ట్ గానీ ప్రెజెంట్ పర్ఫెక్ట్ గానీ వాడమంటుంది, ప్రెజెంట్ వద్దంటుంది. సాహిత్య విమర్శ వైపు వెళ్తే ఉల్టా, రచయిత ఎప్పుడో చనిపోయినా "రచయిత అంటాడు" అని ప్రెజెంటే. ఏ గూటి చిలుకది ఆ గూటి పలుకే.

మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఎలా పనిచేస్తాయో చూడాలంటే 1953 ఏప్రిల్ 25న నేచర్‌లో వచ్చిన వాట్సన్, క్రిక్ డీఎన్ఏ పేపర్ మొదట్లోనే దొరుకుతుంది. పాలింగ్, కోరీ ఇప్పటికే ఒక నిర్మాణం ప్రతిపాదించారు అనే చోట ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడారు, "హ్యాజ్ ఆల్రెడీ బీన్ ప్రపోజ్డ్" అని, ఎందుకంటే అది ఇప్పటి చర్చకి సంబంధించిన సంగతి. వెంటనే, వాళ్ళు దయతో తమ రాతప్రతి ముందుగానే మాకిచ్చారు అనే వాక్యం, అది ఒకసారి జరిగిన పని, కాబట్టి "మేడ్" అని పాస్ట్. ఆ వెంటనే, వాళ్ళ మోడల్‌లో మూడు గొలుసులు ఉన్నాయి అనేది "కన్సిస్ట్స్" అని ప్రెజెంట్, మోడల్ కాగితం మీద ఇప్పటికీ అలాగే ఉంది కాబట్టి. వరసగా మూడు వాక్యాలు, మూడు టెన్సులు, ఒక్కటీ పొరపాటు కాదు. సెక్షన్‌కో టెన్స్ అనే టేబుల్‌తో ఇది రాయలేం.

ఇంకో తమాషా ఏంటంటే, ఫలానావాళ్ళు ఏం చెప్పారో చెప్పే వాక్యంలో రెండు క్రియలుంటాయి, రెండోదాని టెన్స్ మీ అభిప్రాయాన్ని బయటపెట్టేస్తుంది. బారీ మార్షల్, రాబిన్ వారెన్ గురించి రాస్తే, కడుపులో అల్సర్లకి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని వాళ్ళు చూపించారు, 2005లో నోబెల్ కూడా వచ్చింది, కాబట్టి "షోడ్ దట్ ది బ్యాక్టీరియమ్ కాజెస్". చూపించింది పాస్ట్, కారణం కావడం ప్రెజెంట్, ఎందుకంటే అది ఇప్పటికీ నిజమని మీరూ ఒప్పుకుంటున్నారు. వాళ్ళకి ముందు డాక్టర్లు నమ్మిందేంటి, టెన్షన్ వల్ల, యాసిడ్ వల్ల అల్సర్లు వస్తాయని, అక్కడ "బిలీవ్డ్ దట్ స్ట్రెస్ కాజ్డ్" అని రెండూ పాస్ట్. అలాగే 1903లో బ్లాండ్లో అనే ఫ్రెంచ్ ఫిజిసిస్ట్ ఎన్-రేస్ అని కొత్త కిరణాలు కనిపెట్టానన్నాడు, మరుసటి ఏడాదే ఆర్.డబ్ల్యూ. వుడ్ ఆ ల్యాబ్‌కి వెళ్ళి చీకట్లో పరికరంలోంచి ప్రిజం తీసేసినా వాళ్ళకి కిరణాలు "కనిపిస్తూనే" ఉన్నాయని తేల్చాడు. ఇప్పుడు బ్లాండ్లో గురించి "రిపోర్టెడ్ దట్ ఎన్-రేస్ ఇంక్రీజ్ బ్రైట్‌నెస్" అని ఆ రెండో క్రియ ప్రెజెంట్‌లో రాశారంటే, మీకు తెలియకుండానే ఎన్-రేస్ ఉన్నాయని ఒప్పుకున్నట్టే. పాస్ట్‌లో రాస్తే అది ఆయన మాట, మీది కాదు.

దీన్ని మర్యాదగా విభేదించడానికి కూడా వాడుకోవచ్చు. మీరు ఒక పాత పేపర్ ఫలితాన్ని నమ్మట్లేదు, కానీ ఆ ఆథరే మీ రివ్యూయర్ అయ్యే అవకాశముంది, అప్పుడు తప్పు అని రాయక్కర్లేదు, "ఫౌండ్ దట్ ది రేట్ వాజ్ కాన్‌స్టెంట్" అని రెండూ పాస్ట్‌లో పెట్టి, ఆ తర్వాత మీ డేటా పెట్టండి. అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది.

హ్యావ్, హ్యాడ్: మనకి అలవాటు లేని రెండు

ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో మనవాళ్ళకి ఇబ్బంది ఎందుకంటే తెలుగులో "చూపించారు" అన్న ఒక్క మాటతోనే రెండు పనులూ అయిపోతాయి. 2015లో చూపించారు, ఇప్పటిదాకా చాలామంది చూపించారు, మనకి క్రియ మారదు. ఇంగ్లీష్‌లో మాత్రం సంవత్సరం చెప్పేస్తే పాస్ట్ ఒక్కటే, "ఇన్ 2015 దే హ్యావ్ షోన్" అనకూడదు. సంవత్సరం లేకుండా, ఇటీవలి కాలంలో, ఇప్పటివరకు, అప్పట్నుంచి, చాలా అధ్యయనాలు, ఇలాంటి మాటలు వస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఇంట్రడక్షన్ సాధారణంగా ఈ రెండిటి మధ్య ఊగుతూ ఉంటుంది: చాలామంది ఈ సమస్య మీద పనిచేశారు అని పర్ఫెక్ట్‌తో తెర తీసి, ఫలానా ఏడాది ఫలానావాళ్ళు ఇది చేశారు అని పాస్ట్‌లో నాలుగైదు చెప్పి, కానీ ఇంతవరకు ఎవరూ ఇది చూడలేదు అని మళ్ళీ పర్ఫెక్ట్‌తో ఖాళీ చూపించడం. ఆ ఖాళీ చూపించే వాక్యం దగ్గర పాస్ట్ వాడితే, అప్పట్లో చూడలేదు తర్వాత చూశారేమో అన్న అర్థం వచ్చి, మీ పేపర్ అవసరమే పోతుంది.

కంక్లూజన్‌లో "వీ షోడ్", "వీ హ్యావ్ షోన్", "వీ షో" మూడిట్లో ఏది అని కూడా అడుగుతుంటారు. అబ్‌స్ట్రాక్ట్‌లో, ఇంట్రడక్షన్ చివర, ఈ పేపర్‌లో ఏముందో చెప్పేటప్పుడు "వీ షో" బావుంటుంది, చదివేవాడు ఇంకా చదవలేదు కదా. చివర్లో, చదివేశాక, "వీ హ్యావ్ షోన్" బావుంటుంది. "వీ షోడ్" కూడా తప్పు కాదు, కాస్త చప్పగా ఉంటుందంతే.

హ్యాడ్ సంగతి వేరే, అది మనవాళ్ళు తక్కువ కాదు, ఎక్కువ వాడతారు. జరిగిపోయినదంతా గౌరవంగా చెప్పాలనో ఏమో "వీ హ్యాడ్ కలెక్టెడ్ ది శాంపిల్స్", "వీ హ్యాడ్ అనలైజ్డ్" అని పేరా నిండా హ్యాడ్‌లు. అది కావాల్సింది ఒకే ఒక్క చోట, గతంలో రెండు సంగతులుండి ఏది ముందో తెలియకపోతే: మేం కొలిచే సమయానికి శాంపిల్స్ రెండు రోజులుగా ఫ్రీజర్‌లో ఉన్నాయి అన్నట్టు. బిఫోర్, ఆఫ్టర్ లాంటి మాట ఉండి వరస అర్థమైపోతే అక్కడ కూడా అక్కర్లేదు. డ్రాఫ్ట్‌లో హ్యాడ్ అని వెతికి ఒక్కోటీ తీసేసి చదవండి, అర్థం మారకపోతే దాన్ని అలాగే తీసేసి ఉంచండి.

ఇంగ్, విల్: తెలుగు నుంచి జారి పడేవి

మనం తెలుగులో "ఈ పద్ధతిలో మేం రెండు సెన్సర్లు వాడుతున్నాం" అంటాం, సహజంగా ఉంటుంది, దాన్నే "వీ ఆర్ యూజింగ్ టూ సెన్సర్స్" అని రాస్తే ఇంగ్లీష్‌లో ఇప్పుడు ఈ క్షణంలో వాడుతున్నట్టు. "దిస్ పేపర్ ఈజ్ ప్రెజెంటింగ్" కూడా అంతే. "యూజ్" లేదా "యూజ్డ్", "ప్రెజెంట్స్", అంతే చాలు. ఇంగ్ రూపం రీసెర్చ్ రాతలో ఒక మార్పు ఇంకా సాగుతూ ఉందని చెప్పడానికి, సముద్రమట్టం పెరుగుతోంది లాంటి చోట, వాడాలి.

విల్ ఎందుకు వస్తుందో కూడా తెలుగులోనే ఉంది. "వస్తుంది" అంటే మనకి అలవాటుగా వచ్చేదీ అదే, రేపు వచ్చేదీ అదే. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి అన్నది సత్యం, ఇంకో పది నిమిషాల్లో మరుగుతాయి అన్నది భవిష్యత్తు, క్రియ ఒకటే. దాంతో "వాటర్ విల్ బాయిల్", "ది ఫంక్షన్ విల్ రిటర్న్" అని విల్‌లు వచ్చేస్తాయి. వ్యాకరణపరంగా పెద్ద నేరమేమీ కాదు, ఇంగ్లీష్ వాళ్ళూ రాస్తారు, కానీ టెక్నికల్ డాక్యుమెంటేషన్‌లో దీన్ని వద్దనే చెబుతారు. గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్, మైక్రోసాఫ్ట్ స్టైల్ గైడ్ రెండూ ప్రెజెంట్ టెన్సే వాడమంటాయి. కారణం సింపుల్, బటన్ నొక్కితే ఫైల్ "విల్ బీ సేవ్డ్" అంటే ఎప్పుడు, వెంటనేనా, రాత్రి బ్యాకప్ టైమ్‌లోనా? "ది ఫైల్ ఈజ్ సేవ్డ్" అంటే నొక్కగానే. విల్‌ని నిజంగా తర్వాత జరిగేదానికి దాచుకుంటే, అంటే ఈ ఫీచర్ వచ్చే వెర్షన్‌లో తీసేస్తాం లాంటివాటికి, అప్పుడు ఆ మాటకి విలువుంటుంది.

చెయ్యనిది చేసినట్టు రాస్తే

ఫ్యూచర్ టెన్స్‌కి సొంత ఇల్లు ప్రపోజల్, సినాప్సిస్, గ్రాంట్ అప్లికేషన్. చెయ్యబోయేది చెబుతున్నారు కాబట్టి విల్ సరైనదే. గొడవ తర్వాత, రెండుమూడేళ్ళకి ఆ ప్రపోజల్ ఫైల్‌నే తెరిచి థీసిస్ చాప్టర్‌గా మార్చేటప్పుడు అక్కడక్కడా విల్‌లు మిగిలిపోతాయి, ఎగ్జామినర్ చదువుతుంటే "శాంపిల్స్ విల్ బీ కలెక్టెడ్" అని కనిపిస్తుంది, అంటే ఇంకా కలెక్ట్ చెయ్యలేదా బాబూ అని వైవాలో అడుగుతారు. రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అనే పద్ధతిలో అయితే ఇది అధికారికంగానే ఉంటుంది, డేటా సేకరించకముందే ఇంట్రడక్షన్, మెథడ్స్ రాసి జర్నల్‌తో ఒప్పించుకుంటారు, పని అయ్యాక రెండో స్టేజ్‌లో ఆ భాగాలు మార్చడానికి దాదాపుగా వీల్లేదు, ఫ్యూచర్‌ని పాస్ట్ చెయ్యడానికి మాత్రం ఒప్పుకుంటారు.

పేటెంట్లలో టెన్స్ అంటే అక్షరాలా కోర్టు వ్యవహారం. అమెరికా పేటెంట్లలో నిజంగా చేసిన ప్రయోగాలతో పాటు, ఇలా చేస్తే ఇలా వస్తుందని ఊహించి రాసే ఉదాహరణలు కూడా పెట్టొచ్చు, కానీ వాటిని పాస్ట్ టెన్స్‌లో రాయకూడదని వాళ్ళ పేటెంట్ ఆఫీస్ ఎగ్జామినర్ మాన్యువల్‌లోనే ఉంది, 2021 జులైలో అదే సంగతి గుర్తుచేస్తూ ఒక నోటీస్ కూడా ఇచ్చారు. టాక్ పాలిమరేజ్ ఎంజైమ్ పేటెంట్ మీద హాఫ్‌మన్-లా రోష్, ప్రొమెగా కంపెనీల మధ్య నడిచిన కేసులో 2003 తీర్పు చూడండి, ఆ పేటెంట్‌లోని 6వ ఉదాహరణ పాస్ట్ టెన్స్‌లో రాశారు, కానీ అందులో రాసినట్టు ఆ ప్రయోగం మొత్తం అలాగే చెయ్యలేదు, పాస్ట్‌లో రాయడం అంటే చేశామని చెప్పడమే కదా అన్నదాని చుట్టూ చాలా వాదన నడిచింది. పీసీఆర్‌కి, అంటే డీఎన్ఏ ముక్కకి లక్షల కాపీలు తీసే పద్ధతికి, గుండెకాయ లాంటి ఎంజైమ్ పేటెంట్ అది, దానికి తగిలిన దెబ్బల్లో ఒకటి క్రియ చివర ఉంది. రీసెర్చ్ పేపర్‌లో కోర్టు ఉండదు గానీ సూత్రం అదే, చెయ్యని కంట్రోల్ ఎక్స్‌పెరిమెంట్‌ని పాస్ట్‌లో రాస్తే అది స్టైల్ తప్పు కాదు, అబద్ధం.

డాక్యుమెంటేషన్, కోడ్ పక్కన రాసేవి

ఇక్కడ ఎంపిక ఇంకా తేలిక, చాలా వరకు ప్రెజెంట్ లేదా ఆజ్ఞ. చదివేవాడు చేయాల్సింది ఆజ్ఞలో: తెరవండి, నొక్కండి, రన్ చెయ్యండి. సిస్టమ్ చేసేది ప్రెజెంట్‌లో.

అయితే ఒక్కో గూటిలో ఒక్కో రివాజు. పైథాన్‌లో డాక్‌స్ట్రింగ్ (కోడ్‌లోనే ఫంక్షన్ గురించి రాసే వివరణ) రాయడానికి పెప్ 257 అనే మార్గదర్శకం ఉంది, ఫంక్షన్ ఏం చేస్తుందో ఆజ్ఞలా రాయమంటుంది, "రిటర్న్" అనాలి, "రిటర్న్స్" వద్దు. జావా వైపు అలాంటి వివరణలకే ఉన్న జావాడాక్ గైడ్ సరిగ్గా రివర్స్, "గెట్స్ ది లేబుల్" అనమంటుంది, "గెట్" వద్దంటుంది. ఎవరిది గొప్ప అని ట్వీట్లు కొట్టుకోవడం దండగ, మీ కోడ్‌బేస్‌లో ఏదుందో అదే. కోడ్ మార్పుల్ని దాచిపెట్టే గిట్‌లో ఒక్కో మార్పుకి రాసే కమిట్ మెసేజ్‌కి అయితే ఆజ్ఞే, కోడ్‌బేస్‌కి ఆర్డర్ వేస్తున్నట్టు రాయమని గిట్ ప్రాజెక్ట్ వాళ్ళ గైడ్‌లోనే ఉంది, "ఫిక్స్డ్" కాదు "ఫిక్స్". గిట్ తనంతట తాను రాసే మెసేజ్‌లు కూడా "మెర్జ్", "రివర్ట్" అనే మొదలవుతాయి, కాబట్టి మీది కూడా అలా ఉంటే లాగ్ చదవడానికి సాఫీగా ఉంటుంది. రిలీజ్ నోట్స్ మాత్రం యూజర్ చదివేవి, అక్కడ "ఫిక్స్డ్" అని జరిగిపోయినట్టు రాయడమే నాకు నచ్చుతుంది.

లాగ్ మెసేజ్‌లూ ఎర్రర్ మెసేజ్‌లూ రాసేవాళ్ళు టెన్స్‌ని ఇంకొంచెం పట్టించుకుంటే రాత్రిపూట డ్యూటీలో ఉన్నవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. "స్టార్టింగ్ సర్వర్" అంటే మొదలవుతోంది, "సర్వర్ స్టార్టెడ్" అంటే మొదలైపోయింది, లాగ్‌లో మొదటిది ఉండి రెండోది లేకపోతే మధ్యలోనే ఏదో అయిందని తెలిసిపోతుంది. ఇంగ్ రూపం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. "కాంట్ కనెక్ట్" అంటే ఇప్పుడు కుదరదు, "కుడ్‌నాట్ కనెక్ట్" అంటే ప్రయత్నించాం కుదర్లేదు, మళ్ళీ ట్రై చెయ్యొచ్చు అన్న ధ్వని. ఇన్సిడెంట్ తర్వాత రాసే పోస్ట్‌మార్టమ్ మొత్తం పాస్ట్‌లో, టైమ్‌తో సహా, దాని కింద ఇంకా మిగిలి ఉన్న లోపం ఏదైనా ఉంటే అది ఒక్కటి ప్రెజెంట్‌లో, అలా రాస్తే మేనేజర్‌కి కూడా ఏది సరిచేశారో ఏది మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

సిస్టమ్ ఏం చెయ్యాలో రాసే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌లో టెన్స్ కంటే షల్, విల్, మస్ట్, షుడ్, ఇవి ముఖ్యం. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ప్రకారం మస్ట్, షల్ రెండూ ఒకటే, తప్పనిసరి అని. ఐఎస్ఓ స్టాండర్డ్స్‌లో తప్పనిసరికి షల్, మస్ట్‌ని బయటి చట్టాల్లాంటి వాటికోసం పక్కనపెడతారు. నాసా సిస్టమ్స్ ఇంజినీరింగ్ హ్యాండ్‌బుక్‌లో షల్ అంటే రిక్వైర్‌మెంట్, విల్ అంటే ఒక వాస్తవమో ఉద్దేశమో, షుడ్ అంటే లక్ష్యం. అంటే "ది సిస్టమ్ విల్ రీస్టార్ట్" అని మీరు రాసింది ఒకరికి హామీ, ఇంకొకరికి మామూలు సమాచారం. ఏ పద్ధతి పాటిస్తున్నారో డాక్యుమెంట్ మొదట్లోనే ఒక లైన్ రాసి పారెయ్యండి.

తెలుగులో రాసేటప్పుడు

తెలుగులో సైన్స్ రాసేవాళ్ళకి కూడా ఈ ఎంపిక ఉంది, మనకి పర్ఫెక్ట్ గొడవ లేదు గానీ "తగ్గింది", "తగ్గుతుంది" తేడా ఉంది. ఒక చిన్న గుంపు మీద చేసిన అధ్యయనంలో ఫలానా వ్యాయామం చేసినవాళ్ళకి బీపీ తగ్గింది అని పేపర్‌లో ఉంటుంది, వార్త హెడ్‌లైన్‌కి వచ్చేసరికి ఈ వ్యాయామంతో బీపీ తగ్గుతుంది అయిపోతుంది, ఎవరూ అబద్ధం రాయలేదు, టెన్స్ మారిందంతే. కనీసం "తగ్గినట్టు తేలింది" అని రాస్తే ఆ పూచీ అధ్యయనం దగ్గరే ఉండిపోతుంది, "-నట్టు" అనేది మనకి ఇంగ్లీష్ వాళ్ళ దగ్గర లేని సౌకర్యం, వాడుకోవాలి.

ఇంకోటి, "పరీక్ష చేయడం జరిగింది", "నమూనాలు సేకరించడం జరిగింది". ఇంగ్లీష్ పాసివ్‌ని తెలుగులోకి లాక్కొస్తే ఇదొస్తుంది. చేయడం జరిగితే చేసిందెవరు, మీరే కదా, "సేకరించాం" అంటే ఏం పోయింది. ఎవరు చేశారో నిజంగా అనవసరమైన చోట "నమూనాలు మూడు చోట్ల సేకరించారు" అన్నా సరిపోతుంది.

చివరికి డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఒకసారి టెన్స్ కోసమే చదవండి, వేరే ఏదీ పట్టించుకోకుండా. విల్, హ్యాడ్, ఆర్ ప్లస్ ఇంగ్, ఈ మూడూ వెతికి చూడండి. తర్వాత రిజల్ట్స్‌లో ప్రెజెంట్ ఎక్కడుందో చూడండి, ఫిగర్, టేబుల్ తప్ప మిగతాచోట ఉంటే ఎందుకుందో అడగండి. డిస్కషన్‌లో ప్రెజెంట్‌లో ఉన్న ప్రతి వాక్యం పక్కన దానికి ఆధారమైన పాస్ట్ వాక్యం రిజల్ట్స్‌లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి, చూపించలేకపోతే దాన్ని పాస్ట్‌లోకి దించండి, లేదా ఒక మే తగిలించండి. కో ఆథర్లు నలుగురుంటే నలుగురూ నాలుగు రకాలుగా రాసి ఉంటారు, ఈ చదవడం ఒక్కరే చేయాలి, తలా ఒక సెక్షన్ పంచుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. జర్నల్ వాళ్ళు ఆథర్ ఇన్‌స్ట్రక్షన్స్‌లో ఏదైనా వేరేగా అడిగి ఉంటే, పైన నేను చెప్పినవన్నీ పక్కనపెట్టి వాళ్ళు చెప్పింది చెయ్యండి.